విల్లుతో వేటకు ఉత్తర అమెరికాలో అన్నిటికన్నా కఠినమైన పెద్దజంతువు ఏది?

ప్రశ్న: డెన్వర్ విలుకాడు

అందరికీ నమస్కారం. కొలరాడోలో ఉంటూ, ఏటా సెప్టెంబరులో కప్పీలు బిగించిన కాంపౌండ్ విల్లు పట్టుకుని, ఎల్క్ అనే పెద్ద దుప్పి వేటకు వెళ్ళేవారిలో నేనూ ఒకణ్ణి. ఈ వేట మీద ఆసక్తి ఉన్న తెలుగువాళ్ళం ఇక్కడ ఎప్పుడు కలిసినా ఒకే చర్చ తెగకుండా సాగుతోంది. చేతిలో తుపాకీ కాక విల్లు మాత్రమే ఉన్నప్పుడు, ఈ ఖండంలోని పెద్దజంతువుల్లో వేటగాడి ఓర్పునూ నేర్పునూ అన్నిటికన్నా గట్టిగా పరీక్షించేది ఏది? ఒకరు కొండగొర్రె అంటారు, ఇంకొకరు గ్రిజ్లీ ఎలుగుబంటి అంటారు, వయసు మీరిన తెల్లతోక మగజింకను మించినది లేదని మరొకరు పట్టుబడతారు. అందరి మాటల్లోనూ కొంత నిజం ఉంది గాని, కష్టం అనేదాన్ని ఎవరికి వారు వేరువేరు కొలతలతో కొలుస్తున్నారని నాకు అనిపిస్తోంది.

అందుకని ప్రశ్నకు కొన్ని హద్దులు పెడుతున్నాను. విల్లుతో వేటాడిన జంతువుల కొలతలను నమోదు చేయడానికి 1961లో పోప్ అండ్ యంగ్ క్లబ్ ఏర్పడింది కదా. ఆ సంప్రదాయంలో ఇప్పుడు లెక్కించే 29 రకాల్లోంచే జవాబు రావాలి. కంచె లోపల పెంచిన జంతువుల ప్రసక్తి వద్దు. ఖర్చునూ, పర్మిట్ దొరకడంలోని కష్టాన్నీ పక్కన పెడదాం, ఎందుకంటే లాటరీలో పేరు రాకపోవడానికీ విలువిద్యకూ సంబంధం లేదు. ప్రాణభయాన్ని కూడా విడిగానే చూడాలి. కోడియాక్ దీవి ఎలుగుబంటికి ఇరవై గజాల దూరంలో నిలబడడానికి గుండెధైర్యం కావాలి, నిజమే, కాని అంత దగ్గరకు చేరడం మరింత జాగరూకమైన జంతువుల విషయంలో ఉన్నంత కష్టమా అన్నది వేరే ప్రశ్న.

నా అనుభవం ప్రధానంగా ఎల్క్‌తోనే. సెప్టెంబరులో మగ ఎల్క్ తనంతట తానే అరిచి ఎక్కడుందో చెబుతుంది కాబట్టి కనిపెట్టడం పెద్ద కష్టం కాదు. మన పిలుపు విని అరవై గజాల దాకా వచ్చినదానికి గాలి ఒక్కసారి మళ్ళి మన వాసన తగిలితే మాత్రం ఆ రోజుకు ఆ లోయ ఖాళీ అయినట్టే. కనిపెట్టడం, చేరువ కావడం, బాణం వేయడం, దెబ్బతిన్న జంతువును వెతికి పట్టుకోవడం అనే ఈ నాలుగింటిలో ఏ జంతువు విషయంలో ఏది కఠినమో వివరిస్తూ మీ అభిప్రాయం చెప్పగలరు. పేరు ఒక్కటీ చెప్పి ఊరుకోవద్దని మనవి.

జవాబు 1: టూసాన్ వాసి

డెన్వర్ విలుకాడు గారూ, మీరు పెట్టిన హద్దుల్లోనే నా జవాబు: ఆగ్నేయ అరిజోనా కొండల్లో నేల మీద నడిచి, పొంచి పొంచి వేటాడే కూస్ జింక. ఇది తెల్లతోక జింకలోనే ఒక ఉపజాతి. అరిజోనా, న్యూమెక్సికోలలోనూ, సరిహద్దుకు అవతల సొనోరా ప్రాంతంలోనూ ఉంటుంది. బాగా ఎదిగిన మగది కూడా వంద పౌండ్లు తూగడం అరుదు. బూడిదరంగు ఒళ్ళు, చుట్టూ బూడిదరంగు రాళ్ళు, ఎండిన గడ్డి, ఓక్ చెట్ల నీడలు. ఇక్కడి వేటగాళ్ళు దీన్ని బూడిదరంగు దెయ్యం అని పిలుచుకుంటారు.

కనిపెట్టడంతోనే కష్టం మొదలవుతుంది. ఎల్క్ లాగా ఇది అరిచి చెప్పదు. పదిహేను రెట్లు పెద్దది చేసి చూపే బైనాక్యులర్‌ను ట్రైపాడ్ మీద బిగించి, తెల్లవారకముందే ఎదురుకొండ కనిపించే గుట్ట మీద కూర్చుని, ఆ కొండవాలును అడ్డంగా కొద్దికొద్దిగా గాలిస్తూ పోవాలి. జింక మొత్తంగా కనబడుతుందని ఆశించకూడదు. నిట్టనిలువు కొమ్మల మధ్య అడ్డంగా ఉన్న ఒక వీపు గీత, ఒక చెవి కదలిక, గొంతు కింద తెల్లమచ్చ, వీటిలో ఏదో ఒకటి దొరికితే దాని చుట్టూ మిగతా జింకను మన కళ్ళే కట్టుకోవాలి. ఒకసారి చూసి ఏమీ లేదనుకున్న పొదనే అరగంట తరువాత మళ్ళీ చూస్తే అక్కడ మగజింక పడుకుని నెమరు వేస్తూ ఉంటుంది. అది ఎక్కడినుంచీ వచ్చింది కాదు, మొదటినుంచీ అక్కడే ఉంది. నీడ జరిగి కొమ్ముకు ఎండ తగిలింది, అంతే.

చేరువ కావడం ఇంకా కఠినం. ఉదయం తొమ్మిది, పది గంటలకల్లా మేత ముగించి అది నీడన పడుకుంటుంది. పడుకునే చోటును ఎంత తెలివిగా ఎంచుకుంటుందంటే, వెనుక బండ లేదా పొద, ముందు లోయ అంతా కనిపించే చూపు, కిందినుంచి ఎక్కివచ్చే గాలి, మూడూ ఒకేచోట దానికి అమరి ఉంటాయి. వెనుకనుంచి కొండ దిగి రావడమే మనకు మిగిలిన దారి. ఆ దారి నిండా ఎండిన ఓక్ ఆకులు, జారే రాళ్ళు, బట్టను పట్టి లాగే క్యాట్‌క్లా ముళ్ళు. చివరి వంద గజాల్లో బూట్లు విప్పి మందమైన మేజోళ్ళతో నడవడం ఇక్కడ మామూలే. పాదం పెట్టేముందు కాలివేళ్ళతో ఆకుల్ని పక్కకు జరిపి, కింద మట్టి తగిలాక బరువు మోపాలి. ఆ తీరున వంద గజాలు దాటడానికి రెండు గంటలు పట్టినా ఆశ్చర్యపడనక్కరలేదు. ఈలోగా సూర్యుడు కదులుతాడు, నీడ జరుగుతుంది, మధ్యాహ్నం అయ్యేసరికి జింక లేచి కొత్త నీడలోకి మారుతుంది. మీరు మనసులో గుర్తు పెట్టుకున్న పొద దగ్గర అది ఉండదు. ఎక్కడో ముప్ఫై గజాల పక్కన, మీకు ఎదురుగా తిరిగి పడుకుని ఉంటుంది.

ఒకవేళ అన్నీ కలిసివచ్చి నలభై గజాలకు చేరారనుకుందాం. ఎల్క్ ఊపిరితిత్తుల చోటు అడుగుకు పైగా వెడల్పు ఉంటే, కూస్ జింకలో అది ఆరేడు అంగుళాలు. పైగా పర్వతసింహాలు దాన్ని నిత్యం వేటాడతాయి కాబట్టి ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది. విల్లు ఎక్కుపెట్టే కదలికకే పారిపోయినవి ఎన్నో. కదలిక కంటపడకపోయినా అల్లెతాడు చప్పుడుకు ఒళ్ళు దించి తప్పించుకోవడం తెల్లతోక జాతికంతటికీ ఉన్న గుణమే. దాని శరీరం చిన్నది కావడంవల్ల పొరపాటుకు చోటు ఇంకా తక్కువ.

ఒక మాట ఒప్పుకోవాలి. ఆగస్టు ఎండల్లో పశువుల నీటిగుంటల దగ్గర గుడారం వేసుకుని మాటున కూర్చుంటే పని కొంత తేలికవుతుంది. కాని 2022 జనవరి 1 నుంచి అరిజోనాలో వేటకోసం ట్రెయిల్ కెమెరాలు (జంతువు కదిలితే తమంతట తామే ఫొటో తీసేవి) వాడడం నిషేధం కనుక, ఏ గుంటకు ఏ జింక ఎప్పుడు వస్తుందో అడుగుజాడలు చదివి తెలుసుకోవలసిందే. ఆ నిషేధం మంచిదేనని నేను గట్టిగా నమ్ముతాను. నీరు కరువైన చోట ప్రతి గుంటకూ కెమెరా కట్టి జింకకు దాహం తీర్చుకునే చాటు కూడా లేకుండా చేయడం వేట అనిపించుకోదు.

జవాబు 2: యాంకరేజ్ నుంచి

టూసాన్ వాసి గారు రాసినదంతా సత్యమే, చదువుతుంటే ఆ కొండవాలు కళ్ళకు కట్టింది. అయినా నా ఓటు కొండమేకకే. ప్రశ్న అడిగినవారు పేర్కొన్న నాలుగు ఘట్టాల్లో నాలుగోదాన్ని ఎవరూ తగినంత పట్టించుకోవడం లేదు.

కొండమేకను కనిపెట్టడం సులువు. నల్లని బండ మీద తెల్లని ఒళ్ళు రెండు మైళ్ళ దూరానికి కూడా కనబడుతుంది. దాని రక్షణ అంతా అది నిలబడే చోటులోనే ఉంది. గిట్ట రెండు వేళ్ళూ విడివిడిగా విచ్చుకుని, మధ్యలోని మెత్తని కండ రాతిని పట్టుకుంటుంది కాబట్టి, మనం తాడు లేకుండా నిలబడలేని అంచు మీద అది హాయిగా పడుకుంటుంది. తోడేళ్ళు, ఎలుగుబంట్లు కిందినుంచే రావాలి కనుక దాని చూపు ఎక్కువగా కిందికే ఉంటుంది. కాబట్టి పైనుంచి రావడమే పద్ధతి. అంటే దానికన్నా ఎత్తుకు, కొండ వెనుకవైపునుంచి చుట్టుతిరిగి ఎక్కాలి. పొద్దుటిపూట చల్లగాలి కొండ దిగుతూ మన వాసనను దాని దగ్గరకు మోసుకుపోతుంది. ఎండ పడి కొండవాలు వేడెక్కాక గాలి పైకి తిరుగుతుంది, అప్పుడే దిగడానికి అనువు. ఆ గాలి తిరిగేదాకా శిఖరం మీద చలిలో, తడిసిన బట్టలతో కూర్చోగలిగినవారికే ఈ వేట.

బాణం వేసే కోణం కూడా మోసం చేస్తుంది. నలభై అయిదు డిగ్రీల వాలున కిందికి చూస్తుంటే కంటికి నలభై గజాలుగా తోచే దూరంలో భూమ్యాకర్షణకు లెక్కకు వచ్చేది అడ్డంగా ఉన్న ఇరవై ఎనిమిది గజాలే. దూరం కొలుస్తూ కోణాన్ని కూడా లెక్కగట్టే రేంజ్‌ఫైండర్ పరికరం ఆ అంకెను చూపిస్తుంది గాని, నిట్టవాలులో నడుము దగ్గర వంగి, విల్లు పట్టు చెదరకుండా ఎక్కుపెట్టడం మన శరీరం విడిగా నేర్చుకోవాలి. మైదానంలో ఎంత సాధన చేసినా అది రాదు.

అసలు సమస్య ఇంకా ముందుంది. బాణం సరైన చోటే తగిలినా కొండమేక వెంటనే కూలదు. ఆ జంతువుకు ఓర్పు ఎక్కువ. దెబ్బ తగిలిన మరుక్షణం అది తనకు తెలిసిన ఏకైక రక్షణ వైపు, అంటే ఇంకా నిట్టనిలువైన అంచు వైపు కదులుతుంది. అక్కడ ప్రాణం పోతే వందల అడుగులు కిందికి దొర్లి, కొమ్ములు విరిగి, మాంసం చితికి, ఒక్కోసారి మనిషి చేరుకోలేని చీలికలో చిక్కుకుంటుంది. తుపాకీ వేటగాడు నిలబడ్డ చోటే కూల్చడానికి ప్రయత్నించగలడు. బాణం పనిచేసేది రక్తస్రావంవల్ల కాబట్టి, ఆ కొద్ది క్షణాల్లో మేక ఎటు వెళ్తుందన్నది మన చేతిలో లేదు. అందుకే అంచనా వేయడం బాణం వేయకముందే పూర్తి కావాలి. ముప్ఫై గజాల్లో, పక్కకు తిరిగి, ఏమరుపాటుగా నిలబడ్డ మేక మీద కూడా అది పడబోయే చోటు బాగాలేదని విల్లు దించవలసి వస్తుంది. అంత దూరం ఎక్కివచ్చాక విల్లు దించడం ఎంత కష్టమో దించినవారికే తెలుసు.

మగదా ఆడదా అని తేల్చుకోవడం ఇంకొక బాధ్యత. రెండింటికీ కొమ్ములు ఉంటాయి. మగదాని కొమ్ముల మొదళ్ళు లావుగా, వాటి మధ్య సందు ఇరుకుగా ఉంటుంది. ఆడది ఆలస్యంగా ఈతకు వస్తుంది, ఈనితే సాధారణంగా ఒక్క పిల్లే. అందువల్ల ఒక్క ఆడమేక పోయినా ఆ చిన్న మందకు లోటే.

ఇక్కడ చదివే విద్యార్థులకూ ఉద్యోగులకూ ఒక సూచన. అలాస్కాలో బయటి రాష్ట్రాలవారు గోధుమరంగు ఎలుగుబంటికీ, డాల్ గొర్రెకూ, కొండమేకకూ లైసెన్సు ఉన్న గైడుతోనో, ఇక్కడ నివసించే దగ్గరి బంధువుతోనో రావాలి. బయటినుంచి వచ్చేవారు అమెరికా పౌరులు కాక, శాశ్వత నివాసం కూడా అమెరికాలో లేనివారైతే ఏ పెద్దజంతువుకైనా గైడు తప్పనిసరి. ముందే తెలుసుకుని రండి.

జవాబు 3: వ్యోమింగ్ గడ్డినేల

నేను క్లుప్తంగా ప్రాంగ్‌హార్న్ పేరు చేర్చుతున్నాను. ఇది ఇక్కడి గడ్డినేలల్లో తిరిగే, జింకను పోలిన జంతువు. రోళ్ళపాడు అభయారణ్యంలో కృష్ణజింకల్ని చూసినవారికి ఆ బయలు ఎలా ఉంటుందో తెలుసు. చాటు అన్నది ఉండదు, మనం చూడకముందే అవి మనల్ని చూసి ఉంటాయి. ప్రాంగ్‌హార్న్ గంటకు 55 మైళ్ళ దాకా పరుగెత్తగలదు. తలకు ఇరుపక్కలా పెద్ద కళ్ళు, సేజ్ పొదలు మోకాలెత్తు మించని నేల. నీటి దగ్గర గుడారంలో కూర్చుంటే మొదటిసారి విల్లు పట్టినవారికి కూడా దొరకవచ్చు. అదే జంతువును పాకుతూ వెళ్ళి కొట్టాలంటే చేయి తిరిగినవారు కూడా రోజుల తరబడి ఖాళీ చేతులతో తిరుగుతారు. కాబట్టి జంతువు పేరుతో పాటు పద్ధతి కూడా చెప్పకపోతే ఈ ప్రశ్నకు జవాబు లేదని నా అభిప్రాయం. టూసాన్ వాసి గారు "నేల మీద నడిచి" అని ముందే స్పష్టం చేయడం నాకు నచ్చింది.

ఎడారి బిగ్‌హార్న్ గొర్రె సంగతి ఎవరైనా ఎత్తుతారేమో. అరిజోనాలో ఆ పర్మిట్ జీవితంలో ఒక్కసారే ఇస్తారు, అదీ లాటరీలో. చాలామంది దరఖాస్తులు పెడుతూనే ముసలివాళ్ళవుతారు. కాని ప్రశ్నలో ఆ కష్టాన్ని మినహాయించారు. పర్మిట్ చేతికి వచ్చాక మాత్రం, గొర్రె చూపు ఎంత పదునైనదైనా, అంతగా వేటాడని మందల దగ్గర ఓపికపట్టే విలుకాడికి అవకాశం వస్తుంది. కూస్ జింక అంత సులువుగా అవకాశం ఇవ్వదు.

జవాబు 4: పాత విల్లు, ఒరెగాన్

చర్చ చక్కగా సాగుతోంది. ఒక్క విషయం ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి రాస్తున్నాను. "విల్లుతో" అంటున్నాం గాని, ఏ విల్లుతో?

హోలిస్ విల్బర్ ఆలెన్‌కు కాంపౌండ్ విల్లు మీద పేటెంట్ వచ్చింది 1969లో. అంతకుముందు ఈ ఖండంలో విల్లు పట్టినవారంతా, లాగిన బరువు మొత్తాన్నీ వేళ్ళ మీద మోస్తూ గురి చూసినవారే. నేటి డెబ్బై పౌండ్ల కాంపౌండ్ విల్లు ఎనభై శాతం బరువు తగ్గించేదైతే, ఎక్కుపెట్టి పట్టుకున్నప్పుడు చేతి మీద ఉండేది పద్నాలుగు పౌండ్లే. జింక తల పొద చాటుకు వెళ్ళినప్పుడు ఎక్కుపెట్టి, అది బయటికి వచ్చేదాకా నిమిషం సేపు ఆగవచ్చు. కప్పీలు లేని, కొసలు వెనక్కి వంగిన యాభై పౌండ్ల రికర్వ్ విల్లుతో ఆ వెసులుబాటు లేదు. జంతువు చూడని ఆ రెండు మూడు సెకన్లలోనే లాగడం, వదలడం రెండూ జరగాలి. దూరం కూడా నలభై గజాలనుంచి ఇరవైకి పడిపోతుంది. చివరి ఇరవై గజాలు దాటడం అంతకుముందు వచ్చిన దారి అంతటికంటే కష్టమని మీ అందరికీ తెలుసు. 1990లో చక్ ఆడమ్స్ అప్పటి లెక్క ప్రకారం ఉన్న 27 రకాలనూ విల్లుతో పూర్తిచేసి ఆ ఘనత సాధించిన మొదటివారయ్యారు. అది మహత్తరమైన కృషి. అయితే కాంపౌండ్ విల్లు రాకముందు ఆ పని ఎవరికీ సాధ్యపడలేదన్నది కూడా గుర్తుంచుకోదగ్గదే.

ఈ విద్య ఇక్కడ తిరిగి ప్రాణం పోసుకున్న వైనం ఇంకా ఆలోచించదగ్గది. 1911లో కాలిఫోర్నియాలోని ఒరోవిల్ పట్టణానికి ఒంటరిగా వచ్చిన ఇషి, యాహి అనే అమెరికా ఆదివాసి జాతిలో మిగిలిన చివరి మనిషి. తనవారిని వలసవచ్చినవారు చంపగా మిగిలినవాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆయనకు వైద్యం చేసిన డాక్టర్ సాక్స్‌టన్ పోప్, విల్లు చేయడమూ వేటాడడమూ ఆయన దగ్గరే నేర్చుకున్నారు. క్లబ్ పేరులోని పోప్ ఆయనే, యంగ్ ఆయన వేటసహచరుడు. క్లబ్ పేరులో ఇషి పేరు లేకపోవడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది. వేటకు ముందురోజు ఇషి చేపలు తినేవాడు కాదు, పొగ తాగేవాడు కాదు. పొద్దున్నే లేచి ఏట్లో స్నానం చేసి, సువాసన ఆకులు ఒంటికి రుద్దుకుని బయలుదేరేవాడు. కుందేలు అరుపు అరిచి అడవిపిల్లుల్ని సైతం దగ్గరకు రప్పించేవాడు. దూరంనుంచి కొట్టడం ఆయన విద్య కాదు, దగ్గర కావడమే ఆయన విద్య. 1916లో క్షయతో పోయాడు.

అల్లెతాడు చప్పుడు గురించి టూసాన్ వాసి గారు అన్నదానికి లెక్క ఇది. సెకనుకు 270 అడుగుల వేగంతో వెళ్ళే బాణానికి ముప్ఫై గజాలు దాటడానికి సెకనులో మూడోవంతు పడుతుంది. చప్పుడుకు పన్నెండోవంతు చాలు. మిగిలిన పావు సెకనులో జింక దూకడానికి కాళ్ళు మడుస్తుంది. మడిచినప్పుడు వీపు కిందికి దిగుతుంది, బాణం పైనుంచి పోతుంది. అది బాణాన్ని చూసి తప్పుకోవడం కాదు, పరుగుకు సిద్ధం కావడం. సెకనుకు 180 అడుగులు వెళ్ళే నా లాంగ్‌బో (కప్పీలు లేని పొడవాటి పాతకాలపు విల్లు) బాణానికైతే ఆ వ్యవధి ఇంకా ఎక్కువ, కాబట్టి తెల్లతోక జాతి మీద ఇరవై గజాలు దాటితే నేను బాణం వదలను. ఈ కారణంగానే నా జవాబు కూడా కూస్ జింకే, అదీ కాంపౌండ్ కాని విల్లుతో.

డెన్వర్ విలుకాడు

అందరికీ కృతజ్ఞతలు. యాంకరేజ్ మిత్రులు రాసిన నాలుగో ఘట్టం చదివాక, దెబ్బతిన్న జంతువును వెతకడాన్ని మేము ఇన్నాళ్ళూ మా చర్చల్లో ఎంత తేలిగ్గా తీసుకున్నామో అర్థమైంది. అయినా కొండమేక విషయంలో ఎక్కువ భారం కొండదే, కూస్ జింక విషయంలో భారమంతా జింకదే అని తోచి, నా మొగ్గు కూడా అటే ఉంది. కొండకు తాడూ శిక్షణా సాయపడతాయి, ఆ జింక అప్రమత్తతకు విరుగుడుగా కొనుక్కోగలిగినది ఏదీ లేదు.

టూసాన్ వాసి గారూ, ఎల్క్ వేటకు అలవాటుపడినవాడు మొదటిసారి అక్కడికి వస్తే ఏ నెల మంచిది? ఏమి మార్చుకోవాలి?

టూసాన్ వాసి

తప్పకుండా రండి. ఆగస్టు చివరినుంచి సెప్టెంబరు దాకా ఒక విడత, డిసెంబరు, జనవరి నెలల్లో మరొక విడత విల్లువేటకు అవకాశం ఉంటుంది. మీకు నేను చెప్పేది జనవరే. అది కూస్ జింకలు జతకట్టే కాలం. మగవి ఆడవాటి వెంట పగలంతా తిరుగుతూ ఉంటాయి కాబట్టి కనిపెట్టడం కొంత తేలికవుతుంది, వాటి జాగ్రత్త కూడా ఒక పిసరు సడలుతుంది. అయితే మగదాని చుట్టూ ఆడజింకల కళ్ళు ఉంటాయని మరవవద్దు. మగదాన్నే చూస్తూ పాకుతుంటే పక్క పొదలోని ఆడజింక మిమ్మల్ని చూసి నేల తన్ని అరుస్తుంది, దాంతో అంతా ముగుస్తుంది. అందుకని బయలుదేరేముందే బైనాక్యులర్‌తో గుంపులో ఉన్నవన్నీ ఎక్కడున్నాయో లెక్కపెట్టుకోండి.

ఎల్క్ వేటలో కాళ్ళు ఎక్కువ పనిచేస్తాయి, ఇక్కడ కళ్ళు. రోజుకు పది మైళ్ళు నడిచే అలవాటును మానుకుని, ఒకే గుట్ట మీద ఉదయమంతా కూర్చోవడానికి సిద్ధపడండి. కూర్చోవడానికి మందమైన చాప, మెడ నొప్పి రాకుండా కంటి ఎత్తుకు సరిపోయే ట్రైపాడ్ రెండూ విల్లంత ముఖ్యం. ఇద్దరుగా వస్తే మరీ మంచిది. ఒకరు గుట్ట మీదే ఉండి జింక మీద చూపు నిలిపితే, రెండోవారు తిరిగి చూసినప్పుడు అది లేచిందో లేదో ముందే అనుకున్న చేతి సైగలతో తెలియజేయవచ్చు. రేడియోలో చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. దాన్ని నిషేధించిన రాష్ట్రాలు కూడా ఉన్నాయి.

సాధన విషయానికి వస్తే, నిలబడి వేయడం తగ్గించి మోకాళ్ళ మీదా, కూర్చునీ, వాలు నేల మీదా ఆరంగుళాల గురికి వేయండి. ఇరవై గజాల్లో పది బాణాలకు పదీ అందులో పడుతున్నాయా అని చూసుకుని, ఒక్కటి తప్పినా అంతకు మించిన దూరానికి వెళ్ళకండి. బాణం తగిలాక అరగంట కదలకుండా కూర్చోండి. కడుపులో తగిలిందని అనుమానం ఉంటే ఆరు గంటలకు తక్కువ కాకుండా ఆగండి, లేకపోతే అది లేచి పోయిన చోట ఆ రాతినేల మీద రక్తపు జాడ దొరకదు.

ఇంకొకటి. ఇక్కడ యూనిట్ల (వేటకోసం విభజించిన ప్రాంతాల) వారీగా విల్లువేటకు కోటాలు ఉన్నాయి, కోటా నిండిన యూనిట్‌ను మూసేస్తారు. డెన్వర్‌నుంచి అంత దూరం బండి నడిపి వచ్చి తిరిగి వెళ్ళవలసి రాకుండా, బయలుదేరే రోజున రాష్ట్ర వన్యప్రాణి విభాగం వెబ్‌సైట్ చూసుకుని, ఒకటి మూతపడినా వెళ్ళగలిగేలా కనీసం రెండు యూనిట్లను మ్యాపులో ముందే గుర్తుపెట్టుకోండి.